కథ ముగిసే రోజున



ఒక కథను ఏళ్ళ తరబడి చూస్తాం. అందులోని మనుషులు మన ఇంటివాళ్ళయిపోతారు. వాళ్ళు నవ్వితే నవ్వుతాం. వాళ్ళకు దెబ్బ తగిలితే ఆ రాత్రి మనకు అన్నం సహించదు. చివరికి ఆఖరి రోజు వస్తుంది. చూస్తాం. ఆ ముగింపు మనకు నచ్చదు. అప్పుడేం చేస్తాం? ఈ పూట మీతో మాట్లాడబోయేది ఆ సంగతే. కథ ముగిసిన రోజున చూసినవాళ్ళు ఏం చేస్తారు? ఎందుకు చేస్తారు?

ముందు దూరదేశపు కథ ఒకటి చెబుతాను. తరవాత మన కృష్ణగిరికి వద్దాం.

'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అని ఒక ఇంగ్లీషు సీరియల్. 2011లో మొదలైంది, 2019 మే నెలలో ముగిసింది. ఎనిమిది విడతలుగా నడిచింది. రాజ్యాలు, సింహాసనం కోసం కొట్లాటలు, నిప్పులు కక్కే డ్రాగన్లు. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళకు ఇవేమీ కొత్త కాదు. ఆఖరి భాగం అమెరికాలో ఆదివారం రాత్రి వచ్చింది. మనకు అప్పటికి సోమవారం తెల్లవారింది. హోసూరులో బెంగళూరు బస్సెక్కే కుర్రవాళ్ళలో కొందరు ఆ పొద్దున ఫోను ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దారంతా అదే చూసి ఉంటారు.

ఆ కథలో ఒక ఆడపిల్ల ఉంది. పేరు డెనేరిస్. తండ్రి రాజ్యం పోయింది. పరాయి దేశంలో దిక్కులేకుండా పెరిగింది. మూడు డ్రాగన్లను బిడ్డల్లా సాకింది. బానిసల సంకెళ్ళు తెంపించింది. చూసేవాళ్ళు ఆమెను ఎంతగా ప్రేమించారంటే, అమెరికాలో, ఇంగ్లండులో తల్లిదండ్రులు తమ ఆడబిడ్డలకు ఆమె బిరుదునే పేరుగా పెట్టుకున్నారు. ఖలీసీ అని. కథ ఇంకా ముగియకముందే పెట్టుకున్నారు.

ఆఖరికి ముందు భాగంలో ఏమైందంటే, శత్రువుల నగరం ఆమెకు లొంగిపోయింది. లొంగిపోయామని గంటలు మోగించారు. యుద్ధం అయిపోయినట్టే. అయినా ఆమె ఆగలేదు. డ్రాగన్ మీద కూర్చుని ఊరినంతా కాల్చేసింది. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరినీ. ఆఖరి భాగంలో ఆమెను ప్రేమించినవాడే ఆమె గుండెలో కత్తి దించాడు. సింహాసనం కరిగిపోయింది. ఇంకెవరో రాజయ్యారు.

ప్రపంచమంతా భగ్గుమంది. ఈ ఆఖరి విడత మొత్తం మళ్ళీ తీయండి, రాయడం వచ్చినవాళ్ళతో రాయించండి అని ఒక విన్నపం తయారైంది. దాని మీద పది లక్షల మందికి పైగా సంతకం చేశారు. మళ్ళీ చెబుతున్నాను. పది లక్షల మందికి పైగా. తీసినవాళ్ళు మాత్రం మళ్ళీ తీయలేదు. అదే ఏడాది ఆ సీరియల్‌కు అమెరికాలో ఉత్తమ నాటకంగా ఎమ్మీ బహుమతి కూడా ఇచ్చారు.

ఆ సంతకాలు చేసినవాళ్ళను చూసి చాలామంది నవ్వారు. పనీపాటా లేనివాళ్ళు, కట్టుకథ కోసం ఇంత రభసా అన్నారు. నాకు నవ్వు రాలేదు. బిడ్డకు ఖలీసీ అని పేరు పెట్టుకున్న తల్లిని ఒక్కసారి తలుచుకోండి. రేపు ఆ పిల్ల పెద్దదై, అమ్మా నా పేరు ఎవరిది అని అడిగితే ఆ తల్లి ఏం చెబుతుంది? ఆమె బాధ ఉత్తుత్తి బాధ ఎట్లా అవుతుంది?

సరే, అది దూరదేశం. ఇప్పుడు మన దేశానికి వద్దాం.

రామానంద్ సాగర్ తీసిన రామాయణం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో మొదలైంది. ఆదివారం పొద్దున్నే వచ్చేది. అది హిందీలో. మన పక్క హిందీ తెలిసినవాళ్ళు ఎందరు? అయినా వీధికి ఒక్క టీవీ ఉన్న రోజుల్లో ఆ ఒక్క టీవీ ముందు వీధంతా కూర్చుంది. దేశంలో చాలాచోట్ల టీవీ పెట్టెకు దండ వేసి, కర్పూరం వెలిగించి, తరవాతే చూసేవాళ్ళు. 1988 జూలై ఆఖరులో అది ముగిసింది. రావణుడు చచ్చాడు, రాముడికి పట్టాభిషేకం అయింది. శుభం.

అందరికీ అది శుభంగా తోచలేదు. పంజాబులో జలంధర్ అని ఊరుంది. అక్కడ వీధులు ఊడ్చే పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. జీతాల కోసం కాదు. రామాయణం ఆపొద్దు, ఉత్తరకాండ కూడా చూపించాలి అని చేశారు. చీపుర్లు కింద పెట్టేశారు. వీధుల్లో చెత్త పేరుకుపోయింది. సమ్మె వేరే ఊళ్ళకూ పాకింది. చివరికి ప్రభుత్వం దిగి వచ్చింది. ఉత్తర రామాయణం తీయించారు.

వాళ్ళకెందుకంత పట్టుదల? వాళ్ళు వాల్మీకిని తమ కులగురువుగా కొలుస్తారు. ఉత్తరకాండలోనే కదా వాల్మీకికి కథలో పెద్ద పాత్ర ఉండేది. గర్భిణిగా ఉన్న సీతను అడవిలో వదిలేస్తే ఆశ్రమంలో చోటిచ్చింది ఆయన. లవకుశులను పెంచి, పాట నేర్పింది ఆయన. పట్టాభిషేకంతో కథ ఆపేస్తే ఆ వాల్మీకి లేడు. ఆయన లేకపోతే ఆ కథలో వాళ్ళూ లేరు. వాళ్ళు అడిగింది ఇంకో నాలుగు వారాల కాలక్షేపం కాదు శ్రోతలారా. దేశమంతా చూసిన కథలో తమకొక చోటు అడిగారు. ఈ చోటు అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇక్కడ మన జిల్లా మనిషి ఒకరిని తలుచుకోవాలి. హోసూరు పక్కన తొరపల్లి. 1878లో రాజాజీ పుట్టిన ఊరు. ఆయన పెద్ద రాజకీయ నాయకుడని అందరికీ తెలుసు. కానీ ఇంటింటికీ రామాయణ భారతాలు చెప్పిన కథకుడు కూడా. కల్కి పత్రికలో ధారావాహికగా రాసేవారు. ఆయన రామాయణం 'చక్రవర్తి తిరుమగన్'కు 1958లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం చివర ఆయన ఒక పని చేశారు. ఉత్తరకాండ చెప్పలేదు. పట్టాభిషేకం దగ్గర ఆపేశారు. రాముడు సీతను అడవికి పంపడాన్ని తన మనసు ఒప్పుకోలేదని దాచకుండా రాశారు.

చూశారా! తొరపల్లి ఆయన మనసు ఉత్తరకాండను వద్దంది. జలంధర్ వీధులు ఊడ్చేవాళ్ళ మనసు ఉత్తరకాండ కావాలంది. కథ ఒకటే. ముగింపు దగ్గర ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు.

నన్నడిగితే రెండూ న్యాయమే అంటాను. కానీ నా మొగ్గు జలంధర్ వాళ్ళవైపే. రాజాజీకి నచ్చలేదు, ఆయన చేతిలో కలం ఉంది, రాయకుండా వదిలేశారు. వాళ్ళ చేతిలో ఉన్నది చీపురు. దాన్ని కింద పెట్టడం ఒక్కటే వాళ్ళు చెప్పగలిగిన మాట. అంతకన్నా గట్టిగా ఒక కథ గురించి ఎవరు మాట్లాడగలరు?

చీపురు అన్నాను కాబట్టి ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. మన దగ్గర కథ ముగిసే రోజున ఆడవాళ్ళు చీపురు కింద పెట్టరు. పైకెత్తుతారు.

ఎండాకాలంలో మొదలై ఆడి నెల దాకా మన కృష్ణగిరి చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ళలో భారతం జరుగుతుంది. పగలు భారతం చెబుతారు. రాత్రి వీధినాటకం ఆడతారు. ఇక్కడ తమిళంలో తెరుకూత్తు అంటారు. సరిహద్దు దాటి చిత్తూరు వైపు పోతే ధర్మరాజుల గుడి, తెలుగులో భారతం. భాష మారుతుంది, కథ మారదు. సాధారణంగా పద్దెనిమిది రోజులు. యుద్ధం ఎన్ని రోజులో కథ కూడా అన్ని రోజులు.

రోజుకొక ఘట్టం. ద్రౌపది పెళ్ళి నాడు ఊరికి పెళ్ళికళ వస్తుంది. బకాసుర వధ నాడు భీముడు బండి మీద అన్నంతో వీధుల్లో తిరుగుతాడు. అర్జునుడి తపస్సు నాడు బాగా పొడుగైన మాను నాటుతారు. వేషగాడు పాట పాడుతూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు. విరాటపర్వం చదివిన నాడు వాన కోసం అందరూ ఆకాశం వైపు చూస్తారు. గమనించండి. కథ జరుగుతున్నన్ని రోజులూ చూసేవాళ్ళకు ఏదో ఒక పని ఉంటూనే ఉంది.

ఇక ఆఖరి రోజు. దుర్యోధన వధ. తమిళంలో పడుకళం అంటారు.

గుడి ముందరి బయలులో మట్టితో దుర్యోధనుడిని పడుకోబెడతారు. చిన్న బొమ్మ కాదు. ఇంటి కప్పు మీదికెక్కి చూస్తే గానీ పూర్తిగా కనబడడు. వెల్లకిలా పడుకుని, చేతులు బారజాపి, కాళ్ళు చాపి, ఇంతింత కళ్ళు, మెలితిరిగిన మీసాలు. ఒళ్ళంతా రంగులు. తొడ దగ్గర మట్టిలో ఒక కుండ దాస్తారు. అందులో ఎర్రటి నీళ్ళు.

రాత్రంతా ఆడిన వేషగాళ్ళు పొద్దెక్కేసరికి ఆ బయలుకు వస్తారు. కొయ్య కిరీటాలు, భుజకీర్తులు, కాళ్ళకు గజ్జెలు. నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. దుర్యోధన వేషగాడు తన బొమ్మ మీదికి తానే ఎక్కుతాడు. గుండె మీద నిలబడి గద తిప్పుతూ రంకెలు వేస్తాడు. భీముడు తరుముతాడు. ఇద్దరూ ఆ మట్టి మనిషి చుట్టూ పరుగులు తీస్తారు. జనంలోకి వస్తారు. పిల్లలు కెవ్వున అరుస్తూ చెదిరిపోతారు. భీముడు ఎక్కడ కొట్టినా వాడు చావడు. అప్పుడు కృష్ణుడు తన తొడ మీద తాను చరుచుకుంటాడు. అక్కడ కొట్టు అని సైగ. గద ఆ తొడ మీద పడుతుంది. కుండ పగులుతుంది. ఎర్రటి నీళ్ళు మట్టిలోకి పారతాయి. విరబోసుకున్న ద్రౌపది జుట్టుకు ఆ ఎరుపు తాకించి ముడి వేస్తారు. నిండు సభలో జుట్టు పట్టి ఈడ్చిన నాటి నుంచి ముడవని జుట్టు. ఆ ముడి పడే క్షణంలో బయలంతా ఒక్కసారిగా కేక పుడుతుంది.

ఇక చీపుర్లు. ఆడవాళ్ళు ఇంటినుంచి తెచ్చుకున్న చీపురు తిరగేసి పట్టుకుంటారు. చాలా ఊళ్ళలో ఆ మట్టి దుర్యోధనుడిని చీపుర్లతో కొడతారు. కొన్ని ఊళ్ళలో వేషగాడి చేతి చీపురు దెబ్బ తామే తింటారు, పీడ పోతుందని. పద్దెనిమిది రోజుల కోపం అక్కడ దిగుతుంది. పద్దెనిమిది రోజులదేనా? ఇంట్లో మాట పడ్డ కోపం, అత్తింట్లో దిగమింగిన కోపం, అన్నీ దిగుతాయి. ఎవరి దుర్యోధనుడు వారికి ఉంటాడు కదా.

ఇదంతా మీరు చూసే ఉంటారు. కానీ దీని తరవాత జరిగేదాన్ని చాలామంది చూడరు. కుండ పగలగానే ఇళ్ళకు పోతారు. ఉండి చూడండి. చాలాచోట్ల గాంధారి వస్తుంది. కొన్నిచోట్ల దుర్యోధనుడి భార్య కూడా వస్తుంది. తమిళంలో ఆమెను పెరుందిరువాళ్ అంటారు. తల్లి గాంధారి ఆ మట్టి మనిషి తల దగ్గర కూర్చుని ఏడుస్తుంది. నాటకంలో ఏడ్చినట్టు కాదు. మన ఇళ్ళలో శవం దగ్గర ఏడ్చినట్టు, పేరు పేరునా తలుచుకుని, రాగం తీసి. నిన్ను పద్దెనిమిది నాళ్ళుగా తిట్టారు నాయనా, నువ్వు నాకు కొడుకువు కాకుండా పోతావా అన్నట్టు.

అప్పుడు ఆ చీపురు పట్టిన ఆడవాళ్ళ ముఖాలు చూడాలి. ఇంతకు ముందే కొట్టారు. చీపురు ఇంకా చేతిలోనే ఉంది. ఇంకో చేత్తో కొంగు కళ్ళకు ఒత్తుకుంటున్నారు. కొట్టిన చెయ్యీ వాళ్ళదే, ఏడ్చే కన్నూ వాళ్ళదే. దానిలో వాళ్ళకు తప్పేమీ కనబడదు. చెడ్డవాడు చావాల్సిందే. చచ్చినవాడి కోసం తల్లి ఏడవాల్సిందే. ఆ తల్లితో పాటు మనమూ ఏడవాల్సిందే.

సాయంత్రానికి గుండం తొక్కుతారు. నిప్పుల మీద నడుస్తారు. మట్టి దుర్యోధనుడిలోంచి పిడికెడు మన్ను తీసుకుపోయి ఇంట్లో పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ తరవాత ధర్మరాజుకు పట్టాభిషేకం.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మాట చెబుతాను. ముగింపు మన ఇష్టం వచ్చినట్టు ఉండాలని భారతం చూసేవాళ్ళు ఎవరూ అడగరు. ఆ కథ ఎట్లా ముగుస్తుందో వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ ముగింపులో వాళ్ళకు చోటుంది. కోపం ఉంటే కొట్టడానికి చోటు. దుఃఖం ఉంటే ఏడవడానికి చోటు. మొక్కు ఉంటే నిప్పుల మీద నడవడానికి చోటు. చూసినవాళ్ళు చేసేది కూడా కథలో భాగమే. దాన్ని కట్టినవాళ్ళు ఆ భాగాన్ని ముందే కట్టి పెట్టారు.

టీవీ ముందు కూర్చున్నవాళ్ళకు ఆ చోటు లేదు. ఎనిమిదేళ్ళు మనసు పెట్టి చూశారు. ఆఖరున పేర్లు పడ్డాయి, తెర నల్లబడింది, అయిపోయింది. లోపల పొంగిన కోపం ఎక్కడికి పోవాలి? డెనేరిస్ చచ్చిపోయింది సరే. ఆమె తల దగ్గర కూర్చుని రాగం తీసి ఏడ్చే మనిషి ఏది? ఊరంతా కాల్చేసిందని ఆమెను కొట్టే చీపురు ఏది? అందుకే సంతకాలు చేశారు. పది లక్షల సంతకాలు. వాళ్ళకు దొరికిన చీపురు అదొక్కటే.

ముగింపు నచ్చకపోవడం మనతో మొదలైంది కాదు శ్రోతలారా. తమిళంలో విల్లిపుత్తూరారు భారతాన్ని పది పర్వాలతో ఆపేశాడు. యుద్ధం ముగిసింది, కథ ముగిసింది. మన తెలుగులో తిక్కన ఆపలేదు. స్వర్గారోహణం దాకా నడిపించాడు. ఈ సరిహద్దులో బతికే మనకు ఆ ముగింపూ మనదే, ఈ ముగింపూ మనదే.

ఆ స్వర్గారోహణంలో ఏముందో తెలుసు కదా. ధర్మరాజు బొందితో స్వర్గానికి పోతాడు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా దుర్యోధనుడు. మంచి ఆసనం మీద, వెలిగిపోతూ. ధర్మరాజు ముఖం తిప్పుకుంటాడు. వీడున్న చోట నేనుండను అంటాడు. నా తమ్ములు ఎక్కడ, ద్రౌపది ఎక్కడ, అక్కడికే పోతాను అంటాడు. నారదుడు సర్దిచెప్పినా వినడు. తీసుకుపోతే చీకటి, దుర్గంధం, ఏడుపులు. ఆ ఏడుపులు తనవాళ్ళవని తెలుస్తుంది. దేవతలనూ ధర్మాన్నీ నిందించి, ఇక్కడే ఉంటాను, మీ స్వర్గం నాకక్కర్లేదు అని అక్కడే నిలబడిపోతాడు. అప్పుడే ఆ నరకం మాయమవుతుంది.

ఎంత ధైర్యం ఆ కవిది! లక్ష శ్లోకాల కథ రాసి, చివర ఈ ముగింపు నాకు ఒప్పుదల కాదు అనే మనిషిని కథలోనే నిలబెట్టాడు. అదీ ఎవరిని? సాక్షాత్తు ధర్మరాజును. మనకు కలిగే కోపం ఆయనకే ముందు కలిగింది. ఆయన కోపానికి దేవలోకమే జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఒక్క మనవితో ముగిస్తాను. ఈ మధ్య పడుకళం నాడు ఎక్కడ చూసినా చేతుల్లో ఫోన్లే. కుర్రవాళ్ళు గద దెబ్బ పడేదాకా వీడియో తీస్తారు. కుండ పగలగానే ఫోను జేబులో పెట్టేస్తారు. గాంధారి ఏడుపు ఎవరూ తీయడం లేదు. ఒక్కో ఊళ్ళో ఆ ఏడుపు ఒక్కో తీరు. దాన్ని పాడే వేషగాళ్ళు పెద్దవాళ్ళైపోతున్నారు. నాయనా, తమ్ముళ్ళూ, ఈసారి మీ ఊళ్ళో భారతం జరిగితే కుండ పగిలాక ఇంకో అరగంట అక్కడే ఉండండి. ఆ ఏడుపు మొత్తం తీసి పెట్టండి. ఆ పక్కన నిలబడ్డ అవ్వను, ఎందుకవ్వా కొడతావు, కొట్టి ఎందుకేడుస్తావు అని అడగండి. ఆమె చెప్పింది కూడా తీసి పెట్టండి.